గద్వాల పేరు, బనగానపల్లె బంగళా: థ్రిల్లర్ సినిమా భయాన్ని ఎక్కడ పెడుతుంది?

సినిమాలో ఏముందో చెప్పి జనాన్ని హాలుకు రప్పించడం పోస్టర్ పని అయితే, థ్రిల్లర్ పోస్టర్ మాత్రం ఏముందో చెప్పకుండానే అదే పని చేయవలసి ఉంటుంది. ప్రేమకథ పోస్టర్ మీద నాయికానాయకులు చెట్టపట్టాలు వేసుకుని నిలబడితే సగం కథ తెలిసిపోయినా నష్టం లేదు, ఎందుకంటే ప్రేక్షకుడు వచ్చేది ఆ జంటను చూడటానికే. హంతకుడెవరో తేలడమే ముగింపైన సినిమాకు ఆ వెసులుబాటు లేదు. అందువల్లనే ఈ తరహా సినిమా దాదాపు నూరేళ్లుగా తనకంటూ కొన్ని గుర్తులను కూడగట్టుకుంది. సగం చీకట్లో ఉన్న ముఖం, మనిషి కన్నా పెద్దదిగా గోడ మీద పడిన నీడ, తలుపు సందులోంచి చూసే కన్ను, ఊరికి దూరంగా ఒంటరి బంగళా, నలుపు మీద ఎరుపు: వీటిని దృశ్య సంప్రదాయాలంటారు, అంటే తీసేవాడూ గీసేవాడూ చూసేవాడూ ముగ్గురూ మాట్లాడుకోకుండానే ఒప్పుకున్న సంకేతాలన్నమాట. గద్వాల బస్టాండు దగ్గర గోడ మీదో, నాగర్‌కర్నూల్ కూడలిలోనో అవి కంటబడగానే, పేరు చదవకముందే అది ఏ జాతి సినిమానో దారిన పోయేవారికి అర్థమవుతుంది.

ఈ సంకేతాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎమ్’ సినిమా ఆరంభం కన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. పిల్లలను చంపుతున్న అజ్ఞాత హంతకుణ్ని పట్టిస్తే బహుమానమిస్తామని చాటే ప్రకటన ఒకటి వీధిలో అతికించి ఉంటుంది, ఒక చిన్న పాప దానికేసి బంతి కొడుతూ ఆడుకుంటూ ఉంటుంది, ఇంతలో టోపీ పెట్టుకున్న మనిషి నీడ ఆ ప్రకటన మీదే వచ్చి వాలి, బంతి చాలా బాగుందంటూ పాపను పలకరిస్తుంది. తాను వెతుకుతున్న మనిషి తన మీదే నీడగా పడ్డాడన్న సంగతి ప్రకటనకు తెలియదు, పాపకూ తెలియదు, తెలిసినది ప్రేక్షకుడొక్కడికే. సస్పెన్స్ అన్న మాటకు హిచ్‌కాక్ చెప్పిన వివరణ కూడా ఇదే దారిలో సాగుతుంది: బల్ల కింద బాంబు ఉందని కూర్చున్నవాళ్లకు తెలియక, చూస్తున్నవాళ్లకు తెలిస్తే, మామూలు కబుర్లు కూడా ఊపిరి బిగబట్టి వినవలసి వస్తుంది. 1975లో వచ్చిన ‘జాస్’ పోస్టర్‌లో రోజర్ కాస్టెల్ గీసిన బొమ్మ ఈ సూత్రాన్ని ఒక్క కాగితం మీదికి కుదించింది; పైన నీటి మీద ఈదుతున్న స్త్రీ, ఆమె కిందనే నోరు తెరుచుకుని పైకి వస్తున్న సొరచేప, మధ్యలో ఖాళీ నీళ్లు. మంచి థ్రిల్లర్ పోస్టర్ రహస్యాన్ని దాచడంతో ఆగదు, పాత్రకు తెలియని ప్రమాదాన్ని ప్రేక్షకుడికి ముందుగానే చెప్పి, అతణ్ని ఆ రహస్యంలో భాగస్వామిని చేస్తుంది.

తెలుగు సినిమాకు వచ్చేసరికి ఈ పద్ధతి ఒక చిక్కులో పడుతుంది. ఇక్కడ పోస్టర్ మీద మొదటి హక్కు తారది. హీరో ముఖం ఎంత పెద్దగా పడింది, కళ్లద్దాలున్నాయా లేవా, పేరు సినిమా పేరుకు పైన వచ్చిందా కింద వచ్చిందా అన్నవి అభిమానులు కొలతబద్ద పెట్టి చూసే విషయాలు. ముఖాన్ని దాచాలన్న థ్రిల్లర్ నియమానికీ, ముఖాన్ని చూపాలన్న వ్యాపార నియమానికీ మధ్య ఆర్టిస్టులు కుదుర్చుకున్న రాజీయే సగం ముఖం మీద వెలుగు, సగం మీద చీకటి అనే ఏర్పాటు. దీనికి వాడే వెలుతురును లో కీ లైటింగ్ అంటారు, అంటే ఒకవైపు నుంచి ఒక్క దీపం మాత్రం బలంగా కొట్టి మిగతాదంతా నీడకు వదిలేయడం. నిజానికి ఈ రాజీ అరిగిపోయి చాలాకాలమైంది. హీరో సగం ముఖాన్ని చూసి అతనే హంతకుడేమోనని అనుమానపడే ప్రేక్షకుడు ఇప్పుడెవడూ లేడు. అలా తార ముఖం మోయలేకపోయిన భయాన్ని మోయడానికి తెలుగు పోస్టర్ మరొకదాన్ని వెతుక్కుంది: స్థలాన్ని. పాడుబడిన కోట, అడవి మధ్య గుడి, పొలిమేర, ముళ్లకంచె వెనక బంగళా, వీటికి అభిమాన సంఘాలు లేవు కాబట్టి ఎంత భయంకరంగా చూపినా అడిగేవారు లేరు.

ఆ స్థలాల్లో అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నది గద్వాల. 2009 జనవరి 16న విడుదలై, కోడి రామకృష్ణ దర్శకత్వంలో, మల్లెమాల సంస్థ పక్షాన ఎం. శ్యామ్‌ప్రసాద్ రెడ్డి నిర్మించిన ‘అరుంధతి’ కథ గద్వాల సంస్థానంలో జరుగుతుంది. ఖచ్చితంగా చెప్పాలంటే అది భయానక చిత్రమే తప్ప థ్రిల్లర్ కాదు, అయితే పోస్టర్ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు జాతులూ వాడుకునే సామగ్రి ఒకటే. అనుష్క పోషించిన జేజమ్మ పాత్ర, సోనూ సూద్ చేసిన పశుపతి పాత్ర ఎంత ప్రసిద్ధమో, పశుపతిని సజీవంగా సమాధి చేసిన పాడు బంగళా కూడా అంతే ప్రసిద్ధం. ఈ సినిమాకు ఇంకొక సౌలభ్యం కూడా కలిసివచ్చింది: ప్రధాన పాత్రే బాధితురాలు, ఆమే సంహారిణి, కాబట్టి నాయిక ముఖాన్ని దాచవలసిన అవసరమే రాలేదు. పెద్ద బొట్టు, బరువైన నగలు, తేరిపార చూసే కళ్లు ముందుకు వచ్చి, భయమంతా వెనక నిలబడిన కట్టడానికి బదిలీ అయింది.

అయితే తెర మీద గద్వాల అనిపించుకున్న ఆ బంగళా గద్వాలలో లేదు. అది బనగానపల్లె దగ్గర, యాగంటికి వెళ్లే దారివైపు ఉన్న నవాబుల వేసవి విడిది; సినిమా విడుదలయ్యాక దాన్ని ‘అరుంధతి బంగ్లా’ అనే పిలుస్తున్నారు, యాగంటి యాత్రకు వచ్చినవారు ఆగి ఫొటోలు దిగడం రివాజైపోయింది. ఇలా ఎందుకు జరిగిందో కట్టడాన్ని చూస్తే తెలుస్తుంది. చుట్టూ ఇళ్లు లేని బయలు, ఎత్తు మీద ఒక్కటే భవనం, వెనక ఆకాశం తప్ప మరేమీ అడ్డురాదు. కెమెరాను కాస్త కింద పెట్టి పైకి చూస్తే చాలు, భవనం తలెత్తి మీదికి వచ్చేలా కనిపిస్తుంది. సినిమా వాళ్లు ఎస్టాబ్లిషింగ్ షాట్ అని పిలిచేది దీన్నే, అంటే కథ ఎక్కడ జరుగుతుందో మొదటే చెప్పేందుకు దూరం నుంచి తీసే దృశ్యం. సోమనాద్రిగా పేరుపడ్డ పెద సోమభూపాలుడు కట్టించిన అసలు గద్వాల కోట ఇలాంటి దృశ్యానికి ఒక పట్టాన లొంగదు. అది ఊరి మధ్యలో ఉంది, లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, సంస్థానానికి చివరి పాలకురాలైన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు పెట్టుకున్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల కూడా ఉంది. పరీక్షల కాలంలో విద్యార్థులు పుస్తకాలు పట్టుకుని తిరిగే చోట దెయ్యం కథకు కావలసిన ఏకాంతం కుదరదు.

పేరు ఒకచోటిది, రూపం మరొకచోటిది అయినంత మాత్రాన దాన్ని మోసమనుకోనవసరం లేదు. సంప్రదాయం పనిచేసే తీరే అది. పండితులను ఆదరించి ‘విద్వద్గద్వాల’ అని పేరు తెచ్చుకున్న సంస్థానం, పట్టు అంచు నూలు చీరలకు ప్రసిద్ధికెక్కిన ఊరు, ఎన్నడూ ఆ ఊరు చూడని లక్షల మంది మనసుల్లో ఇప్పుడొక సమాధి గదితో కలిసి ఉంది. సంస్థానమన్న మాటలో వారసత్వం, పగ, మూతపడిన గదులు ఇమిడి ఉంటాయని ప్రేక్షకుడు ముందే నమ్మి ఉండటం వల్ల, దర్శకుడు ఆ పేరు పలికితే చాలు, మిగతాది ప్రేక్షకుడే కట్టుకుంటాడు. వనపర్తి సంస్థానాధీశుల రాజభవనాన్ని తీసుకుంటే, అందులో పాలిటెక్నిక్ నడుస్తున్నదన్న సంగతి స్థానికులకు తెలుసు; వనపర్తి పేరు మీద ఎవరైనా ఇలాంటి కథ అల్లితే డ్రాయింగ్ బల్లలను పక్కకు నెట్టి బూజు అంటించవలసి వస్తుంది, లేదా మళ్లీ బనగానపల్లె వైపు బండి తిప్పవలసి వస్తుంది.

పోస్టర్ మీద స్థలం తర్వాత చెప్పుకోవలసినది అక్షరం. 1960 నాటి ‘సైకో’ పేరును నిలువునా నిలిపిన దిట్టమైన అక్షరాలను అడ్డంగా కోసి, ముక్కలను అటూఇటూ జరిపి రాశారు. రాబర్ట్ బ్లాక్ నవల అట్ట కోసం టోనీ పల్లాడినో చేసిన ఆ రూపాన్నే సినిమా తీసుకుంది. మనసు రెండుగా చీలిన మనిషి కథ అది అని ఆ ఐదారు అక్షరాలే చెప్పేస్తాయి. ఈ పనిముట్టును తెలుగుకు ఉన్నదున్నట్టుగా తెచ్చుకోవడం సాధ్యం కాదు. తెలుగు అక్షరానికి పైన తలకట్టో గుడో ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది. నడిమికి కోసి పక్కకు జరిపితే గుడి ఏ అక్షరానిదో, ఒత్తు ఎవరిదో తెలియక పేరే మారిపోతుంది. పైగా గుండ్రని అక్షరాలు సహజంగా సౌమ్యంగా కనిపిస్తాయి. అందుకే మన టైటిల్ ఆర్టిస్టులు వేరే దారి పట్టారు: తలకట్టును కత్తి మొనలా సాగదీయడం, సున్నను కంటి పాపగానో తూటా రంధ్రంగానో కెమెరా లెన్సుగానో మార్చడం, ఒత్తు కొసనుంచి నెత్తురు జార్చడం. బాపు తీసిన ‘సాక్షి’ (1967)తో పోస్టర్ల రంగంలో అడుగుపెట్టిన ఈశ్వర్ తరం ఈ అక్షరాలను కుంచెతో చేత్తో రాసేది. కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడ్డట్టు నటించిందో తెలిసే ఆ రాతలో ఉన్న వణుకు, కంప్యూటర్ మీద పగుళ్లు అతికించిన నేటి అక్షరంలో సాధారణంగా కనబడదు.

పోస్టర్ చేసిన వాగ్దానాన్ని తెర మీద మొదటి పది నిమిషాలు నిలబెట్టాలి, కానీ మన హాళ్లలో ఆ పది నిమిషాలు దర్శకుడి చేతికి నేరుగా రావు. ముందుగా సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది, 2012 అక్టోబరు నుంచి అమలవుతున్న నిబంధన ప్రకారం పొగాకు దృశ్యాలున్న సినిమాకు ముందు ఆరోగ్య హెచ్చరిక చిత్రం వేయాలి, ఆపైన జంతువులను హింసించలేదన్న హామీ, కృతజ్ఞతల జాబితా వరుసగా వస్తాయి. ఈ గోల అంతా అయ్యాక హాలును నిశ్శబ్దం చేయడానికి చాలామంది థ్రిల్లర్ దర్శకులు ఎంచుకునే ఉపాయం నల్లటి తెర మీద శబ్దం మాత్రమే వినిపించడం. ఆ వెంటనే సినిమా పేరు వేయకుండా ఒక నేరాన్నో మరణాన్నో చూపి, అది ముగిసిన క్షణంలో పేరు వేస్తారు. చందూ మొండేటి ‘కార్తికేయ’ (2014) మూతపడిన గుడి గురించి ఆరా తీస్తున్న దేవాదాయ శాఖ అధికారి పాముకాటుకు బలికావడంతో మొదలవుతుంది. కార్తీక్ దండు ‘విరూపాక్ష’ (2023) 1979లో రుద్రవనమనే ఊళ్లో క్షుద్రపూజల నెపంతో ఒక జంటను జనం తగలబెట్టడంతో ఆరంభమై, పుష్కరకాలం తర్వాతికి దూకుతుంది. తెర మీద పడే ఆ సంవత్సరం అంకెకు కూడా పెద్ద చరిత్రే ఉంది. ‘సైకో’ ఊరి పేరు, తేదీ, వారంతో ఆగక మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలని కూడా చెబుతుంది. ఆ నిమిషాల లెక్క కథకు ఏమాత్రం అవసరం లేకపోయినా, పోలీసు పంచనామాలో ఉండేంత కచ్చితత్వం చూపితే జరగబోయేది నేరమని ప్రేక్షకుడు తనంతట తానే అనుకుంటాడు.

ఇవన్నీ కాక హంతకుడి కళ్లతో చూపించడమనే పద్ధతి ఒకటుంది, దాన్ని పాయింట్ ఆఫ్ వ్యూ షాట్ అంటారు. 1960లో ‘పీపింగ్ టామ్’, 1978లో ‘హాలోవీన్’ ఈ దారిని వేశాయి. తెలుగు, తమిళ భాషల్లో ఒకేసారి తీసిన అశ్విన్ శరవణన్ ‘గేమ్ ఓవర్’ (2019) ఆరంభంలో ఇంట్లో ఒంటరిగా ఉన్న యువతిని ఎవరో బయటి నుంచి చూస్తూ ఉంటారు, ఆ చూపు మనదే అవుతుంది. ముఖం చూపకుండా ఉండటానికి ఇంతకన్నా నమ్మకమైన మార్గం లేదు, ఎందుకంటే ఎవరూ తమ ముఖాన్ని తాము చూడలేరు. అయినా దీన్ని పొదుపుగా వాడినవారే నెగ్గారు. ప్రతి పది నిమిషాలకూ చెట్టు చాటునుంచి కెమెరాను వణికిస్తే, చూస్తున్నది హంతకుడు కాదు, కెమెరామనే అని తెలిసిపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా చవకైపోయినది ఆకాశం నుంచి తీసిన రోడ్డు దృశ్యం. కుబ్రిక్ ‘ది షైనింగ్’ (1980)లో కొండదారిన పోతున్న చిన్న పసుపు కారును హెలికాప్టర్‌లోంచి వెంటాడిన దృశ్యానికి పోలికలు ఇప్పుడు డ్రోన్ ఉన్న ప్రతి చోటా పుడుతున్నాయి. నాగర్‌కర్నూల్ జిల్లాలో మన్ననూరు దాటాక నల్లమల గుండా శ్రీశైలం వెళ్లే రోడ్డు పైనుంచి చూస్తే అలాంటి దృశ్యానికే పుట్టినట్టుంటుంది, కానీ ఆ దారిలో అసలైన ఉత్కంఠ నేల మీద ఉంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోంచి పోయే దారి కాబట్టి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు గేటు వేసి బండ్లు ఆపేస్తారు. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు లోపలికి వెళ్లిన కారు అవతలి చెక్‌పోస్టుకు చేరకపోతే ఏమవుతుందన్నది, మబ్బుల్లోంచి తీసిన పది దృశ్యాల కన్నా బలమైన ఆరంభం.

స్థలానికి ఇంత పని అప్పగించిన తెలుగు థ్రిల్లర్‌కు ఈమధ్య కొత్త ఇబ్బంది ఎదురైంది. ఓటీటీల్లో సినిమాను ఎంచుకునేది గోడ మీది ఆరు షీట్ల పోస్టర్ చూసి కాదు, ఫోన్ తెర మీద రెండు వేళ్ల వెడల్పున్న చిన్న బొమ్మ చూసి. ఆ కొలతలో కోట బురుజు మట్టిదిబ్బలా కనిపిస్తుంది, అడవి ఆకుపచ్చ మరకవుతుంది, చేత్తో రాసిన అక్షరం అలుక్కుపోతుంది. చివరికి మిగిలేది ఒక కన్ను, సగం ముఖం, ఒక ఎర్రటి గీత. అందువల్ల కట్టడాలూ దారులూ మెల్లగా పోస్టర్‌ను ఖాళీ చేసి సినిమా లోపలికి, పేరు పడకముందు వచ్చే మొదటి దృశ్యంలోకి చేరుతున్నాయి. ఆ బొమ్మను నొక్కినవారికే ఇక అవి కనిపిస్తాయి.