ఛాయాచిత్రము: నాడును నేడును

గోడపైనున్న తాతముత్తాతల పటములను చూచినపుడు, ఈ విద్య యెట్లు పుట్టెనో యని యెన్నడైన తలచితిరా?

1839లో ఫ్రాన్సుదేశమున డాగెర్ పద్ధతి వెల్లడియయ్యెను. వెండిపూత గల రాగిరేకుపై పడిన రూపమును పాదరసపు టావిరిచే వెలికి దెచ్చెడివారు. అట్టి పటము ఒక్కటే, దానికి ప్రతులుండవు. 1841లో ఇంగ్లండున టాల్బట్ పేటెంటు పొందిన కాగితపు నెగటివు వలన, ఒక్కదానినుండి పెక్కు ప్రతులు తీయ వీలయ్యెను. 1888లో ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను నూరు చిత్రములకు సరిపడు ఫిల్ముచుట్టతో అమ్మెను.

మనదేశమున పరపురుషుని యెదుట కూర్చుండజాలని ఘోషాస్త్రీలకై, 1892లో హైదరాబాదున లాలా దీనదయాళ్ జనానా స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణ మొక ఆంగ్లవనితకు అప్పగించెను.

1975లో కొడాక్ సంస్థయందే సాసన్ అను యువ ఇంజనీరు ఫిల్ము లేని డిజిటల్ కెమెరాను చేసెను. ఒక్క నలుపుతెలుపు చిత్రము టేపుపై నెక్కుటకు 23 సెకండ్లు పట్టెను. నేడు సెల్‌ఫోనుతో రెప్పపాటున తీయుచున్నాము.

కాని డాగెర్ నాటి రేకులు నేటికిని నిలిచియున్నవి. మన ఫోను చెడినచో, వేరుచోట దాచని బిడ్డల చిత్రములన్నియు నొక్కమారే పోవును. కావున ఏటేట పది మంచి చిత్రములనేరి కాగితముపై అచ్చువేయింపుడు. వెనుక పేరు, ఊరు, తేదీ పెన్సిలుతో మెల్లగా వ్రాసి, చెమ్మ తగులనిచోట దాచుడు. పేరు వ్రాయని పటము, రెండుతరములు గడచినచో, సొంత యింటనే పరాయివారి పటమగును.