చౌక క్లాంపులు కొనదగునా?

విరిగిన కుర్చీకాలును, ఊడిన పెట్టెమూతను వడ్రంగిని పిలువక తామే బాగుచేసికొనవలెనను కోరిక నేడు అనేక గృహములలో కలుగుచున్నది. ఇది మెచ్చదగిన కోరిక. చేతిపనిని చిన్నతనముగా తలచువారు మనలో నింకను గలరు గాని, మన ప్రభువు నజరేతునందు వడ్రంగి గృహమున పెరిగెనని యెరిగినవారికి అట్టి తలంపు తగదు. అయితే పనికి పూనుకొన్నవారికి మొదట కలుగు చిక్కు పనిముట్లను గూర్చినది. రంపమును, సుత్తిని, ఉలిని అందరును కొందురు. చెక్కలను కదలకుండ పట్టియుంచు సాధనము కూడ వలయునని పని సగమైన పిమ్మట గాని చాలమందికి తోచదు. మనుష్యునికి చేతులు రెండే. మూడవ చేయిగా పనిచేయునదే క్లాంపు.

ఇనుపసామాను అంగళ్లలో క్లాంపులు ముఖ్యముగా రెండు విధములుగ కనబడును. మొదటిది చిరకాలమునుండి వచ్చుచున్న మరక్లాంపు. దీని పిడిని త్రిప్పినకొలది మరచుట్లుగల కమ్మి ముందునకు జరిగి చెక్కను నొక్కును. రెండవది క్విక్ క్లాంపు. దీనిని ఒక చేతితోనే పట్టుకొని మీటను నాలుగైదు మారులు నొక్కినచో బిగిసికొనును. వేరొక చిన్నమీటను నొక్కినంతనే వదలును. ఈ రకము 1989వ సంవత్సరమున అమెరికాలో క్విక్ గ్రిప్ అను పేర అంగళ్లకు వచ్చినది. దానిని వెలువరించిన కంపెనీకి మూలపురుషుడు నెబ్రాస్కా రాష్ట్రమునందలి డివిట్ అను చిన్న ఊరిలో నివసించిన విలియం పీటర్సన్ అను డెన్మార్కు దేశపు కమ్మరి. నేడు అనేకులు అదే పోలికగల క్లాంపులను ప్లాస్టిక్కు దవడలతో చౌకగా తయారుచేసి అమ్ముచున్నారు. మా విచారణ ఈ చౌకరకమును గూర్చియే.

మొదట ఇది పట్టు విధమును తెలిసికొందము. పాత బల్లసొరుగును ఒక ప్రక్కనే పట్టి లాగినచో అది అడ్డముపడి బిగిసికొనుట అందరును చూచినదే. క్విక్ క్లాంపులోని రహస్యమును అదియే. ఇనుపపట్టీ మీద దానికంటె కొంచెము పెద్ద రంధ్రముగల ఉక్కుబిళ్ల యొకటి యుండును. మీటను నొక్కగా ఆ బిళ్ల ఒరిగి, దాని అంచులు పట్టీని కరచుకొని ముందునకు లాగును. మీటను వదలినప్పుడు పట్టీ వెనుకకు పోకుండ రెండవ బిళ్ల అదేరీతిగా ఒరిగి ఆపును. చిన్నమీట చేయు పని ఆ రెండవ బిళ్లను నిలువుగా నిలుపుటయే. అప్పుడు పట్టు విడిపోవును. కావున పట్టీకి నూనెగాని మైనముగాని అంటినయెడల బిళ్ల జారును.

మరక్లాంపు బలము వేరు. దాని పిడిమీద వ్రేళ్లు ఒక చుట్టు తిరుగునప్పుడు సుమారు 90 మిల్లీమీటర్ల దూరము పోవుననుకొందము. ఆ చుట్టుకు కమ్మి ముందునకు జరుగునది 3 మిల్లీమీటర్లు మాత్రమే. లెక్కప్రకారము బలము 30 రెట్లు కావలెను. రాపిడివలన అందులో సగమునకు మించి నష్టమగును గాని, ఆ రాపిడియే మర తనంతట తాను వదులుకాకుండ కాపాడును.

ఇప్పుడు విద్యార్థులు కాగితము తీసికొని చిన్న లెక్క చేయవలెను. రెండడుగుల పొడవును, ముప్పాతిక అంగుళము మందమును గల రెండు చెక్కలను అంచుకు అంచు జిగురుతో అతుకవలెననుకొందము. అతుకు వైశాల్యము 18 చదరపు అంగుళములు. కొయ్యజిగురు తయారుచేయువారు మెత్తని కొయ్యకు చదరపు అంగుళమునకు 100 మొదలు 150 పౌన్లవరకును, గట్టి కొయ్యకు 175 మొదలు 250 పౌన్లవరకును ఒత్తిడి వలయునని చెప్పుదురు. తక్కువ ప్రమాణమును తీసికొన్నను మెత్తని కొయ్యకు 1800 పౌన్లు, గట్టి కొయ్యకు 3150 పౌన్లు కావలెను. పేరుగల మధ్యరకపు క్విక్ క్లాంపు నొక్కు బలము సుమారు 300 పౌన్లు, అనగా 136 కిలోగ్రాములు. ఆ చొప్పున మెత్తని కొయ్యకు ఆరు క్లాంపులును, గట్టి కొయ్యకు పదునొకండును వలయును. మంచి మరక్లాంపు ఒక్కటే 1000 పౌన్లకు పైగా నొక్కగలదు గనుక మొదటి పనికి రెండును, రెండవదానికి నాలుగును చాలును. ఇక డబ్బామీద బలమెంతో కూడ వ్రాయని చౌక క్లాంపును నమ్మి బల్ల అతికినవాడు ఏమి నమ్మినట్లు?

బలము తక్కువగుటయే గాక చౌకరకమునకు మరి మూడు లోపములు గలవు. ప్లాస్టిక్కు దవడలు గట్టిగా బిగించినప్పుడు వెలుపలికి వంగి, కొనలయొద్ద చెక్కను వదలును. పట్టీ పలుచనిదైనచో అదియు విల్లువలె వంగి అతుకును వంకరచేయును. దవడలకు తొడిగిన రబ్బరు మెత్తలు కొలదికాలములోనే ఊడి పోగొట్టుకొనబడును.

అట్లయిన ఇవి పనికిరానివా? కానేకావు. నొక్కుట యొక పని, పట్టియుంచుట వేరొక పని. రంపము సూటిగా పోవుటకు చెక్కమీద అడ్డపట్టీని నిలుపుటకును, బర్మాతో రంధ్రము చేయునప్పుడు ముక్కను బల్లకు ఆనించియుంచుటకును, మరమేకులు బిగించువరకు రెండు పలకలను కలిపి పట్టుటకును క్విక్ క్లాంపు మిక్కిలి ఉపకారి. ఒక చేతితో చెక్కను సరిచూచుకొనుచు రెండవ చేతితో బిగించుట మరక్లాంపుతో కష్టము. తోడులేక ఒంటరిగా పనిచేయువానికి ఇది చిన్న మేలు కాదు. అయితే విద్యుత్తు బర్మాతో పనిచేయునప్పుడు ఆ అదురునకు పట్టు సడలవచ్చును గనుక ఒకటికి మారుగా రెండు క్లాంపులు పెట్టవలెను. తలపైన బరువును నిలుపుటకు దీనిని ఎన్నడును వాడరాదు.

కొనువారు అంగడిలోనే పరీక్షింపవచ్చును. దవడలను కలిపి వెలుతురుకెదురుగా పట్టినచో వాటి నడుమ సందు కనబడరాదు. చిన్న కొయ్యముక్కను బిగించి చేతితో మెలిపెట్టినను జారరాదు. పట్టీని రెండు కొనలయొద్ద పట్టి వంచిచూడవలెను. చిన్నమీట ఒక్క నొక్కుతో వదలవలెను. ఇంటికి తెచ్చినపిమ్మట ఒకరాత్రి బిగించియుంచి ఉదయమున చూచినచో, పట్టు నిలుచునదో లేదో తేటపడును.

చేతిలో రూకలు లేనివారు నిరాశపడనక్కరలేదు. కుర్చీకాళ్లచుట్టు తాడును రెండుపేటలుగా కట్టి, నడుమ కర్రను దూర్చి మెలిపెట్టి, ఆ కర్రను అడ్డకమ్మికి ఆనించినచో నాలుగు కాళ్లును ఒకేమారు బిగియును. తాడు ఒరయుచోట గుడ్డముక్కను పెట్టవలెను. జిగురు అతుకును ఏ సాధనముతో బిగించినను కనీసము అరగంట కదల్పరాదు. ఒకదినము గడువక దానిమీద బరువు వేయరాదు.

కాబట్టి మా అభిప్రాయమిది. పట్టియుంచు పనులకు చౌక క్విక్ క్లాంపులు రెండు, పరీక్షించి కొనవచ్చును. ఆ ధరకు తగిన సేవ చేయును. వాటినే ఆరు, ఎనిమిది కొని పెట్టెలో పేర్చుకొనుట వ్యర్థము. ఆ మిగిలిన పైకముతో మంచి మరక్లాంపులు రెండు కొన్నచో అవి తండ్రి చేతినుండి కుమారుని చేతికి వచ్చును. బాగుచేసిన కుర్చీలో రేపు కూర్చుండునది ఇంటిలోని అవ్వయో, పసిబిడ్డయో కావచ్చును. అతుకు లోపల పట్టినదో లేదో వారు చూడజాలరు. చేసినవాని మాటను నమ్మి కూర్చుందురు. పనిముట్టును ఎన్నుకొనునప్పుడు మన విద్యార్థులు ఆ నమ్మకమును మొదట తలచుకొందురుగాక.