గడ్డకట్టిన తేనె

ఢిల్లీ నగరమునకు తూర్పున, గాజియాబాదు జిల్లాలో నున్న వైశాలి నేడు అంతస్తులపై అంతస్తులు లేచిన నివాసస్థలము. పుష్యమాసపు చలిలో ఇచ్చటి గృహిణి వంటయింటి అలమరలోని తేనెసీసాను తీసి చూచినచో, అడుగున తెల్లని పలుకులు పేరుకొని యుండుట కలదు. అంగడివాడు చక్కెర కలిపి మోసగించెనని తలచి ఆమె దానిని పారవేయును. పెక్కు పర్యాయములు ఆమె పారవేసినది మంచి తేనెయే.

ఇందులకు కారణము ఆవపూవు. హర్యానా, రాజస్థానము, పశ్చిమ ఉత్తరప్రదేశములలోని పొలములు శీతకాలమున ఆవపూలతో పచ్చబారి యుండును. ఆ పూల తేనెలో ద్రాక్షచక్కెర పాలు హెచ్చు. అది త్వరగా పలుకులు కట్టును. చలి దానికి తోడ్పడును. సీసాను గోరువెచ్చని నీటిలో కొంతసేపు నిలిపినచో తేనె మరల కరగును. పొయ్యిపై కాచరాదు, కాచినచో సువాసన పోవును, గుణము చెడును.

ఆ పొలముల గట్లపై వరుసగా నుంచిన కొయ్యపెట్టెలే నేటి తేనెటీగల పెంపకమునకు ఆధారము. పూర్వము తేనె తీయువారు పొగబెట్టి ఈగలను తరిమి, పట్టును గ్రుడ్లతో, పిల్లపురుగులతో సహా పిండెడివారు. 1851 లో అమెరికా దేశస్థుడగు లాంగ్‌స్ట్రాత్ ఒక చిన్న సంగతిని గ్రహించెను. పట్టునకు పట్టునకు నడుమ సెంటీమీటరుకు లోబడిన సందు విడిచినచో ఈగలు దానిని పూడ్చక దారిగా వాడుకొనును. ఈ కొలతతో కదలించుటకు వీలగు చట్రములు ఏర్పడెను. చట్రమును పైకెత్తి, యంత్రములో త్రిప్పి, తేనెను మాత్రము తీసి, పట్టును తిరిగి ఈగలకే ఈయవచ్చును.

మన పుట్టతేనెటీగను పెట్టెలలో పెంచుట చాలకాలముగా నున్నది. ఇటలీ జాతి ఈగను 1962 లో ఆచార్య అత్వాల్ నాటి పంజాబులోని నగ్రోటాలో నిలద్రొక్కుకొనునట్లు చేసిరి. ఇది హెచ్చు తేనె నిచ్చును గనుక ఉత్తరాదిని విస్తరించెను. దక్షిణాదిని 1991-92 ప్రాంతమున వైరసు తెగులు సోకి పుట్టతేనెటీగల గుంపులు అసంఖ్యాకముగా నశించెను. ఎందరో పెంపకందారులు ఆ వృత్తినే విడిచిరి.

ఈ వృత్తి సంచారజీవనము. ఆవపూలు రాలగనే కొందరు పెంపకందారులు రాత్రివేళ లారీలలో పెట్టెలను బీహారులోని లిచీ తోటలకు చేర్తురు. ముజఫర్‌పురము, దాని చెంతనున్న వైశాలి జిల్లా ఆ తోటలకు నెలవులు. ఆ వైశాలి వేరు. ఒక కోతి బుద్ధునకు తేనె నర్పించెనని బౌద్ధులు చెప్పుకొను ప్రాచీననగర మదియే. పూలు లేని వర్షర్తువులో ఈగలు చావకుండ చక్కెరపాకము పోయుదురు. ఇది తప్పు కాదు. ఆ పాకముతో నిండిన పట్టును పిండి తేనెయని అమ్ముట తప్పు. ఈగలు మైనముతో మూతవేయక పూర్వమే తీసిన తేనెలో నీరు హెచ్చుగా నుండి పులియును. పైరు పూతమీద నున్నప్పుడు పట్టపగలు పురుగుమందు చల్లిన రైతు పొరుగువాని ఈగలను చంపుటయే గాక, తన పంటకు పరాగము చేర్చు పనివారిని తానే పోగొట్టుకొనుచున్నాడు.

కల్తీ మాట వేరుగా చెప్పవలయును. చెరకు, మొక్కజొన్నల చక్కెరను పట్టుకొను పరీక్షలు చాలకాలముగా ఉన్నవి. వరినుండి తీసిన పాకము వానికి చిక్కదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రము తాను పరీక్ష చేయించిన 13 వ్యాపారనామములలో మూడు మాత్రమే అన్ని పరీక్షలలో నెగ్గినవని ప్రకటించెను. కొన్ని సంస్థలు దానిని ఖండించినవి. ప్రయోగశాలలకే ఇంత కష్టమైనప్పుడు, నీటిలో చుక్క వేయుట, వత్తి ముంచి వెలిగించుట, కుక్క ముట్టునా యని చూచుట వంటి ఇంటి పరీక్షలను నమ్ముట వృథా. ఎన్నడును గడ్డకట్టనిదే స్వచ్ఛమను నమ్మకము సరికాదు. ఆహారభద్రతా సంస్థ అనుమతి సంఖ్య, తయారైన తేదీ గల మూతవిడని సీసాను కొనుటయే మేలు.

మధుమేహ రోగులు తేనెను మందుగా భావించి ధారాళముగా వాడుట కలదు. అందులో అయిదింట నాలుగు పాళ్లు చక్కెరయే.

మిక్కిలి జాగరూకత వలసినది పసిబిడ్డల విషయమున. పుట్టిన బిడ్డ నాలుకపై తేనె రాయుట, వసకొమ్మును తేనెతో అరగదీసి నాకించుట తెలుగిండ్లలో ప్రేమతో చేయు ఆచారములు. దూరదేశమున కాన్పు జరిగినను అమ్మమ్మలు సీసా వెంట తెత్తురు. కాని ఎంత స్వచ్ఛమైన తేనెలోనైనను బొట్యులినం అను సూక్ష్మజీవి బీజములు ఉండవచ్చును. వానిని కాచి చంపజాలము. పెద్దవారి ప్రేగులలో అవి మొలకెత్తవు. ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో మొలకెత్తి విషము పుట్టించి కండరములను చచ్చుపరచును. 1976 లో అమెరికాలో మొదట గుర్తింపబడిన ఈ వ్యాధి అరుదైనదే గాని ప్రాణాంతకము కావచ్చును. కావున మొదటి పుట్టినరోజు దాటువరకు బిడ్డకు చుక్క తేనెయైనను పెట్టరాదు.

మలబద్ధకము, పాలు పట్టుగా చప్పరింపలేకపోవుట, ఏడుపు సన్నగిల్లుట, మెడ వ్రేలవేయుట దీని లక్షణములు. ఇవి కానవచ్చినచో గృహవైద్యముతో జాగు చేయక బిడ్డను ఆసుపత్రికి కొనిపోవలయును. తేనె నాకించి యున్నచో ఆ సంగతిని వైద్యునికి దాచక చెప్పవలయును.