పాత కంప్యూటరు, తేలికైన డెస్క్‌టాప్

పుదుచ్చేరి మేట్టుపాళయం పారిశ్రామికవాడలో ఒక చిన్న వర్క్‌షాపు ఉందనుకుందాం. బిల్లులు రాసే కంప్యూటరుకు 2 గిగాబైట్ల ర్యామ్, ఒక పాత హార్డ్‌డిస్కు ఉన్నాయి. నడుస్తున్నది లైనక్సే. అయినా బిల్లు తెరుచుకోదు. బయట లారీ ఎదురుచూస్తోంది. కొత్తది కొనాలా? ముందు జబ్బేమిటో చూద్దాం.

మనం సాధారణంగా ప్రాసెసరును నిందిస్తాం. కాని చాలాసార్లు దోషం ర్యామ్ చాలకపోవడమే. ర్యామ్ నిండితే లైనక్స్ అందులోని కొంత సమాచారాన్ని డిస్కు మీది ‘స్వాప్’ భాగానికి పంపుతుంది. తిరిగే డిస్కులో ఒక చోటు వెతకడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్‌కు సెకనులో కోటోవంతు చాలు! టెర్మినల్‌లో ‘ఫ్రీ’ ఆదేశం ఇచ్చి చూడండి. పని చేస్తున్నకొద్దీ స్వాప్ అంకె పెరుగుతుంటే జబ్బు దొరికినట్లే.

అప్పుడు గ్నోమ్ వంటి బరువైన డెస్క్‌టాప్ బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని, ఎల్‌ఎక్స్‌క్యూటీ గాని పెట్టుకోవాలి. మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. 2014లో లైనక్స్ కెర్నల్ 3.14లో చేరిన ‘జెడ్‌ర్యామ్’ కూడా మంచి ఉపాయం. అది సమాచారాన్ని డిస్కుకు పంపకుండా ర్యామ్‌లోనే కుదించి ఉంచుతుంది. అయితే బ్రౌజరులో పది ట్యాబులు తెరిచి కూర్చుంటే ఇవేవీ ఆదుకోలేవు.

కొంత ఖర్చు పెట్టగలిగితే, ఫైళ్లకు నకలు తీసుకొని, హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చండి. అంతకు ముందు ‘ఎల్‌ఎస్‌సీపీయూ’ ఆదేశంతో ప్రాసెసరు 64 బిట్లదో కాదో చూసుకోవాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలరు ఇవ్వడం మానేసింది.