హైదరాబాద్‌లో ఎన్ని అక్షరాలు?

మాదాపూర్‌లో సైబర్ టవర్స్, గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ రెండూ 1998లోనే మొదలయ్యాయి. అప్పటి నుంచి కంప్యూటర్ చదువు కోసం ఇటు వచ్చే పిల్లల మొదటి ప్రశ్న ఒకటే: జావా నేర్చుకోవాలా, పైథానా? మన మాటను యంత్రం ఎలా దాచుకుంటుందో అంతకంటే ముందే తెలియాలని నా గట్టి నమ్మకం.

పైథాన్‌లో పొడవు చెప్పే ఫంక్షన్‌కు ‘హైదరాబాద్’ అన్న మాట ఇవ్వండి. మనం హై, ద, రా, బా, ద్ అని ఐదు లెక్కపెడతాం. పైథాన్ 9 అంటుంది. అదీ సరైన లెక్కే. యూనికోడ్‌లో హల్లుకు ఒక సంఖ్య, దానికి తగిలే గుణింతపు గుర్తుకు మరొకటి, పొల్లుకు ఇంకొకటి. తెలుగుకు కేటాయించినవి 3072 నుంచి 3199 వరకు. అందులో ‘అ’ 3077, ‘క’ 3093. మెమరీలో ఉండేవి ఈ సంఖ్యలే, అవీ సున్నాలు, ఒకట్ల రూపంలో. ఎనిమిది బిట్ల బైటు 256 విలువలనే చూపగలదు కాబట్టి 3093 అందులో పట్టదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. హైదరాబాద్‌కు 27. అదే పేరు ఇంగ్లిష్‌లో రాస్తే 9 చాలు.

కొత్తగా నేర్చుకునేవారికి తప్పకుండా ఇచ్చే అభ్యాసం, మాటను తిరగరాయడం. ఈ తొమ్మిది సంఖ్యలనూ వెనక నుంచి పేర్చితే పొల్లు ముందుకొచ్చి, ఆనుకునే హల్లు లేక ఒంటరిగా నిలుస్తుంది. ‘హ’కు ఉన్న ఐత్వం ‘ద’కు అంటుకుని ‘దై’ అవుతుంది. ముందు గుర్తులను వాటి హల్లులతో జతకట్టి, ఆ తర్వాతే తిప్పాలి. డేటాను ఏ ముక్కలుగా చూడాలో తేల్చుకోవడమే ఇక్కడ అసలు పని. కోడ్ రాయడం ఆ తర్వాతి సంగతి.

ఒత్తులకు విడిగా సంఖ్యలు లేవు. పొల్లు వెనకే హల్లు వస్తే దాన్ని ఒత్తుగా గీయడం తెరకు బొమ్మ కట్టే ప్రోగ్రాం బాధ్యత. ‘హైదరాబాద్‌లో’ అన్నప్పుడు ‘ల’ ఒత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనిపించని 8204 సంకేతం పెడతాం.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కూల్చిన వరసలోనూ ఇదే సంకేతం ఉంది. జ, పొల్లు, ఞ, 8204, దీర్ఘం: 3100, 3149, 3102, 8204, 3134. చూడ్డానికి మామూలు ‘జ్ఞా’నే. అది సందేశంలో వస్తే చాలు, యాప్ మూతపడేది. ఆ ఐదు సంఖ్యల్లో ఏదీ చెల్లనిది కాదు. వాటిని అక్షరంగా గీయబోయిన ప్రోగ్రాం తడబడింది. అందుకే ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి గీసే భాగాన్ని సరిచేసింది. యూనికోడ్ సంఖ్యలు ఎప్పటిలాగే ఉన్నాయి.