బందరు చూసొద్దాం రండి



సెలవులొస్తే చాలు, ఎక్కడికైనా తీసుకెళ్ళమని పిల్లలు ప్రాణాలు తోడేస్తారు కదూ? పాశ్చాత్యుల ఆనవాళ్ళు చూడాలంటే గోవాయే వెళ్ళక్కర్లేదు. బెజవాడకు 70 కిలోమీటర్లలోనే బందరుంది.

పోర్చుగీసువారిని మన పెద్దలు బుడతకీచులనేవారు. వాళ్ళు 16వ శతాబ్దంలోనే ఈ రేవులో వర్తకం చేశారు. తర్వాత డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, ఆపైన ఫ్రెంచివారు వచ్చారు. మన అద్దకం బట్టలంటే వాళ్ళకంత మోజు! వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అన్న పేర్లే ఆ కథ చెబుతాయి. వలందులంటే డచ్చివారు, పరాసులంటే ఫ్రెంచివారు.

బుడతకీచులు మన ఇళ్ళలోనూ ఉన్నారండోయ్! అలమార, బాల్చీ, తువాలు, ఇస్త్రీ, అనాస, బొప్పాయి, ఇవన్నీ వాళ్ళ మాటలే.

పొద్దున్నే ఎండెక్కకముందు బందరుకోట, డచ్చి సమాధులు చూడండి. రాతిపలకల మీద చిహ్నాలు, అక్షరాలు ఎంత పనితనంతో చెక్కారో!

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ఇక్కడ సుమారు 30 వేలమంది పోయారు. వలందులకు రాతిమీద పేర్లున్నాయి. ఆ 30 వేలమందిలో ఎందరి పేర్లు మిగిలాయి? పిల్లలకు ఈ మాట కూడా చెప్పండి.

సాయంత్రం మంగినపూడి సముద్రానికి వెళ్ళొచ్చు. అక్కడిది నల్లమట్టి, పాత చీరలే కట్టుకెళ్ళండి. కలంకారీ కావాలంటే పెడన దగ్గరే. బందరు లడ్డూ సరేసరి!

ఒక్కమాట. సమాధులెక్కి ఆడనివ్వకండి, రాళ్ళమీద పేర్లు గీయనివ్వకండి. రేపటి పిల్లలూ చూడాలిగా!