రెండు గంటలకోసారి పక్క మార్పించిన డాక్టర్

వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడినవారు మీ ఇంట్లోనో, తెలిసినవాళ్లలోనో ఉన్నారా? అయితే లుడ్విగ్ గుట్‌మన్ గురించి మీరు తెలుసుకోవాల్సిందే. పారాలింపిక్స్‌కు ఆద్యుడిగా ఆయనకు పేరుంది. మంచంలో ఉన్న రోగికి ఆయన చేసిన మేలు మాత్రం ఆటలకన్నా ముందుది.

గుట్‌మన్ జర్మనీకి చెందిన నరాల వైద్యుడు. యూదుడు కావడంతో నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండ్ చేరారు. 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్ను గాయాల విభాగాన్ని ఆయనకు అప్పగించారు. అప్పట్లో ఈ రోగులపై వైద్యులకే ఆశ ఉండేది కాదు. పిండికట్టు వేసి పడుకోబెట్టేవారు. చాలామంది రెండేళ్లలోపే చనిపోయేవారు. అదీ నేరుగా వెన్ను గాయంతో కాదు. పడక పుండ్లు, మూత్ర ఇన్ఫెక్షన్లు ముదిరి, విషం రక్తంలోకి పాకి.

మనం నిద్రలో కూడా అటూ ఇటూ కదులుతుంటాం. స్పర్శ పోయిన శరీరం ఆ పని చేయదు. తుంటి, మడమ, వీపు చివర ఎముకల దగ్గర చర్మం నలిగి, రక్తం అందక చచ్చిపోతుంది. నొప్పి తెలియదు కాబట్టి రోగి చెప్పలేడు. గుట్‌మన్ పిండికట్లు తీయించేశారు. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి ప్రతి రోగికీ పక్క మార్చాలన్నారు. రాత్రిళ్లు తానే వార్డుకొచ్చి చూసేవారు. దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు, ఓపికున్న మనుషులు కావాలి. కష్టమంతా అక్కడే!

ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని ఇంట్లో పక్క మార్చడం మానేయకండి. ఎర్రగా కందినచోట వేలితో నొక్కి చూడండి. ఎరుపు పోకుండా అలాగే ఉంటే అది పుండుకు మొదలు. అక్కడ రుద్దొద్దు, దాని మీద బరువు పడనివ్వొద్దు. డాక్టర్‌కు చూపించండి.

సంఘాల అధ్యక్షులంటే మనకు శాలువాలే గుర్తొస్తాయి. గుట్‌మన్ పదవులు వేరు. ఒక ఆసుపత్రిలో ఫలించిన పద్ధతి మిగతా దేశాలకూ తెలియాలి కదా! అందుకే 1961లో అంతర్జాతీయ పారాప్లీజియా వైద్య సంఘం ఏర్పడితే, తొలి అధ్యక్షుడిగా 1970 వరకూ నడిపించారు. దానికొక వైద్య పత్రిక కూడా పెట్టారు. అది నేటికీ 'స్పైనల్ కార్డ్' పేరుతో వస్తోంది. అదే 1961లో వికలాంగుల క్రీడా సంఘాన్నీ స్థాపించారు. ఇంటికెళ్లిన రోగి మళ్లీ మంచానికే పరిమితం కాకూడదన్నది ఆయన పట్టుదల. 1948 జులై 29న లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే ఆసుపత్రి ఆవరణలో 16 మందితో విలువిద్య పోటీ పెట్టారు. 1960లో రోమ్‌కు 23 దేశాల నుంచి 400 మంది దాకా వచ్చారు.

మనకు దగ్గర్లో, చిత్తూరు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీలో పునరావాస విభాగానికి పునాది వేసిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోనే పనిచేశారు. 1954లో రోడ్డు ప్రమాదంలో ఆమె కాళ్లు చచ్చుబడ్డాయి.

మీవాళ్లను డిశ్చార్జ్ చేస్తామంటే వెంటనే బయల్దేరకండి. పక్క ఎలా మార్చాలో, మూత్రం గొట్టం ఎలా వాడాలో నర్సు ముందు మీరే ఓసారి చేసి చూపించండి. చక్రాల కుర్చీలో కూర్చున్నప్పుడు పావుగంటకో, అరగంటకో ముందుకు వంగడం, చేతులపై లేవడం రోగికి నేర్పించమనండి. ఆ ఆసుపత్రిలో పునరావాస విభాగం లేకపోతే, ఎక్కడుందో కనుక్కుని, అక్కడికి చీటీ రాయించుకునే కదలండి.